మూత, జల్లెడ, పెద్ద పళ్లెం

మా బావ చనిపోయాడన్న కబురు వచ్చేటప్పటికి నేను దుకాణంలో ఒక కారు స్టీరింగ్‌కు తోలు కవరు కుడుతున్నాను. ఫోన్‌లో అక్క ఏడవలేదు. "తమ్మీ, మీ బావ పోయిండు. దవాఖానకు రా" అన్నది, అంతే. నేను సరేనన్నాను. ఫోన్ జేబులో పెట్టుకుని, మిగిలిన కుట్టు పూర్తి చేశాను. కారాయన ఎదురుగా నిలబడి ఉన్నాడు, ఆయనకేం చెప్పాలో తోచలేదు. ముడి వేసి, దారం తెంపి, అప్పుడు షట్టర్ దించాను.

గోదావరిఖనిలో నాది కారు సామాన్ల దుకాణం. సీటు కవర్లు, హారన్లు, కాళ్ల కింద పట్టాలు, స్టీరింగులు. బావ అంటే మా అక్క భర్త. ఓపెన్‌కాస్టు బొగ్గు గనిలో డంపర్ నడిపేవాడు. వాళ్లుండేది సెంటినరీ కాలనీ క్వార్టర్‌లో. వాళ్లకు పిల్లలు లేరు, ఆ సంగతి ఇంతకంటే రాయను. ఆదరణ కూడికలో పాస్టరు గారూ సంఘస్థులూ బావ గురించి చాలా మంచి మాటలు చెప్పారు. కష్టజీవి అన్నారు, ఎవరినీ నొప్పించలేదన్నారు, ఆదివారం మందిరం తప్పలేదన్నారు. అన్నీ నిజమే. కానీ ఆయన స్టీరింగుల గురించి ఒక్కరూ ఎత్తలేదు. అవి లేకుండా చెబితే మా బావ సగం మనిషే అవుతాడు. మిగతా సగం మీకు చెబుదామని రాస్తున్నాను.

మందిరం నుంచి వచ్చి, అన్నం తిని, ఆదివారం మధ్యాహ్నం ఆయన జైపూర్ అవతల ఒక రైతు బీడులో కారు నడిపేవాడు. ఊరికే నడపడం కాదు. ఖాళీ రంగు డబ్బాలు వంకరటింకరగా నిలబెట్టి, వాటి మధ్యనుంచి ఎంత జల్దీ తిరిగి వస్తారో ఫోన్‌లో టైము చూసుకునేవారు. ఆయనా, ఆయనతో పనిచేసే మరో ముగ్గురు నలుగురూ. డబ్బా పడితే టైముకు కొంత కలపాలి. ఏడాదికోసారి హైదరాబాద్ దగ్గర మట్టి ట్రాక్ మీద పోటీలుంటే కారును వ్యాన్ ఎక్కించుకుని పోయేవారు. ఒక్కసారి బావకు మూడో స్థానం వచ్చింది. ఆ కప్పులో అక్క ఎండు మిరపకాయలు పోసుకుంది. కారును ఆమె సవతి అనే పిలిచేది. "సవతికి స్నానం అయ్యిందా?" అని అడిగేది, ఆయన బయట కారు కడుగుతుంటే.

నాకా పిచ్చి ఎప్పుడూ నచ్చలేదు. వారమంతా ఇల్లంత బండి నడిపిన మనిషి ఆదివారం కూడా స్టీరింగ్ వదలకపోతే ఎలా అని నా బాధ. అది పాత చిన్న కారు. పవర్ స్టీరింగ్ లేదు, ఏసీ లేదు, ఎండలో పెట్టి పెట్టి రంగు కూడా సరిగ్గా లేదు.

ఒక రోజు దుకాణానికి వచ్చాడు. "బామ్మర్దీ, స్టీరింగ్ మార్సుదామనుకుంటున్న" అన్నాడు. కంపెనీ నుంచి వచ్చిన స్టీరింగ్ సన్నగా, జారుడుగా ఉంటుంది, ట్రాక్ మీద చేతులు తిరగవు అన్నాడు. నేను ఉన్నవాటిలో అన్నింటికంటే సోకైనది, ఎర్ర దారం కుట్టు ఉన్నది తీసి చూపించాను. "రేసు కార్లకు ఇదే పెడ్తరు బావా. చూడు ఎంత మంచిగున్నదో."

"చూసేటందుకు కాదురా, తిప్పేటందుకు" అని దాన్ని బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు.

సాయంత్రం అక్క ఫోన్ చేసింది. "మీ బావకు ఏమన్న చెప్పినవా? నా గిన్నెలన్ని పట్కపోయి కార్ల కూసున్నడు." వెళ్లి చూస్తే నిజమే. డ్రైవర్ సీటులో కూర్చుని, అన్నం గిన్నె మూతను రెండు చేతుల్తో పట్టుకుని అటూ ఇటూ తిప్పుతున్నాడు. పక్క సీటులో పిండి జల్లెడ ఉంది, దాని కింద పెద్ద పళ్లెం, విందుల్లో బిర్యానీ పెట్టేది. దారిన పోయేవాళ్లు నిలబడి చూస్తున్నారు. ఆయనకేం పట్టలేదు.

"ఇటు రా, చెప్త" అన్నాడు. "ముందుగాల సీటు సరిచేస్కోవాలె. వీపు సీటుకు ఆనాలె, భుజాలు లేవద్దు. గట్ల కూసోని చెయ్యి చాపితే మణికట్టు వచ్చి స్టీరింగ్ పైన పడాలె. గిది కుదిరినంకనే సైజు మాట." ఆ తర్వాత ఒక్కోటి పట్టుకుని చూపించాడు. మూత పన్నెండున్నర అంగుళాలు. చిన్నది కాబట్టి చేతులు కొంచెం కదిలితే చాలు, కారు తోక జారినప్పుడు ఠక్కున మలపొచ్చు. కానీ బరువుగా తిరుగుతుంది, స్పీడు ముల్లుకు అడ్డం వస్తుంది. పళ్లెం పదిహేను అంగుళాలు. తేలికగా తిరుగుతుంది కానీ చేతులు చాలా దూరం తిరగాలి, తొడలకు తగులుతుంది. జల్లెడ రెండింటికీ మధ్య.

"అందరు జల్లెడనే తీస్కుంటరు. నాకు మూత సరిపోతది" అన్నాడు.

"పవర్ స్టీరింగ్ లేని బండికి మూత పెడితే భుజాలు పోతయి బావా."

"బరువైతే అయితది. చేతులున్నయి గద" అన్నాడు.

అప్పుడు ఆ చేతులు చూసి నేను ఒప్పుకున్నాను. మూత సైజుదే తెచ్చి బిగించాను. ఆనాటి నుంచి మా ఇంట్లో స్టీరింగ్ సైజులకు అంగుళాలు పోయి ఆ పేర్లే నిలిచాయి.

ఆయన అలవాట్లు కొన్ని చెప్పాలి. టీ గ్లాసు ఎప్పుడూ రెండు చేతుల్తో పట్టుకునేవాడు, అటొకటి ఇటొకటి, స్టీరింగ్ పట్టుకున్నట్టే. ఆటో ఎక్కితే రోడ్డు చూడడు, డ్రైవరు మోచేతులు చూస్తాడు. ఎవరి కారైనా ఆగి ఉంటే కిటికీలోంచి తొంగి, సీటుకూ స్టీరింగ్‌కూ మధ్య దూరం చూసి పెదవి విరుస్తాడు. ఇక నా దుకాణంలో కూర్చున్నాడంటే ఆ రోజు నా బేరాలు పోయినట్టే. నేను ఎంతో కష్టపడి ఒకాయనను ఒప్పిస్తే, వెనక నుంచి "వద్దు సార్, మీరు పొడుగున్నరు, మోకాలు తాకుతది" అనేవాడు. కొనేవాడు వెళ్లాక నేను గొడవపడితే బావ నవ్వేవాడు. "తాకినంక నీ దగ్గరికే వస్తడు, తిట్టేటందుకు."

మూత చాలా ఏళ్లు నడిచింది. ఒక వానాకాలం పోయాక బావ భుజం పట్టుకుని దుకాణానికి వచ్చాడు. "స్టీరింగ్ బరువైతున్నదిరా. వయసు వచ్చింది, జల్లెడ పెట్టు." నాకేం అనుమానం రాలేదు. కాలనీలో డంపర్ నడిపే ఏ ఇంటి తలుపు తట్టినా భుజం నొప్పి మందు వాసన వస్తుంది. అక్క రోజూ ఆముదం వేడిచేసి రుద్దేది. జల్లెడ బిగించాను. రెండు మూడు ఆదివారాలు హుషారుగా ఉన్నాడు. తర్వాత అదీ బరువే అన్నాడు. ముందు టైర్లలో గాలి పెంచాం. అలైన్‌మెంట్ చేయించాం. స్టీరింగ్ కింద గ్రీజు మార్పించాం. ఆయన స్నేహితులు కారు కింద పడుకుని ఒక్కో బోల్టూ విప్పి చూశారు. మా దగ్గర అంతే. మనిషికి కష్టమైతే ముందు బండిని విప్పుతారు. బతుకంతా బండి మీద గడిచినవాళ్లకు తప్పు బండిలోనే కనిపిస్తుంది, అందులోనే ఉండాలని కోరిక కూడా.

చివరికి పళ్లెం తెచ్చాం. అది పెట్టిన రోజు బావ నవ్వాడు. "ఇగ బిర్యానీ ఒక్కటే తక్కువ."

మరి గనిలో అంత పెద్ద డంపర్ ఎలా నడుపుతున్నాడని మీరు అడగొచ్చు. డంపర్ స్టీరింగ్‌ను ఆయిల్ ఒత్తిడి తిప్పుతుంది, ఒక వేలు పెడితే చాలు. అందుకే డ్యూటీలో ఎవరికీ ఏమీ కనిపించలేదు. ఆయనకు కూడా.

పళ్లెం పెట్టిన కొన్నాళ్లకు ఒక ఆదివారం నన్ను బీడుకు రమ్మన్నాడు. పాత మూతా, పానాలూ తెమ్మన్నాడు. నా చేతనే పళ్లెం విప్పించి మూత పెట్టించాడు. "ఎక్కు. నువ్వు నడ్పు" అన్నాడు. నేను దుకాణంలో కూర్చుని కూర్చుని పొట్ట పెంచుకున్నవాణ్ని, రేసు కాదు కదా కారును మూడో గేరు దాటించడానికే ఆలోచిస్తాను. అయినా ఎక్కాను. నెమ్మదిగా, డబ్బాల మధ్యనుంచి ఒక చుట్టు తిప్పుకొచ్చాను. నెమ్మదిగా పోతేనే స్టీరింగ్ బరువు ఎక్కువ తెలుస్తుంది. నేను దిగేవరకు బావ ఎండలో అలాగే నిలబడ్డాడు.

"బరువున్నదా?" అని అడిగాడు.

"కొంచెం ఉన్నది. మరీ గంత లేదు బావా."

ఆయన తన కుడిచేయి చూసుకున్నాడు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కండ లోపలికి పోయి గుంట పడి ఉంది. ఆ గుంటను నేను చూడడం అదే మొదలు. "అయితే స్టీరింగ్‌ది కాదురా తప్పు. నాదే" అన్నాడు. డబ్బాలన్నీ ఆయనే ఏరి డిక్కీలో వేశాడు, రెండు చేతుల్తో ఒక్కో డబ్బా.

హైదరాబాద్ తీసుకెళ్లాం. పరీక్షలన్నీ అయ్యాక పెద్ద డాక్టరు అక్కకు అర్థమయ్యేలా చెప్పాడు. నరాలు కండరాలకు కబురు పంపడం మానేస్తున్నాయి. ముందు చేతులు, తర్వాత కాళ్లు, మాట, మింగడం, ఊపిరి. మందు లేదు. అక్క "మా ఆయన ఏం తప్పు తినలేదు, తాగలేదు" అన్నది డాక్టరుతో. డాక్టరు తల వంచుకున్నాడు. నాకు అందరి మీదా కోపం వచ్చింది. ఆ డాక్టరు మీద, దేవుడి మీద, రెండు చేతుల్తో టీ గ్లాసు పట్టుకుని కూర్చున్న బావ మీద కూడా. ఇప్పటికీ ఆ కోపం పోలేదు.

వచ్చిన మర్నాడే బావ ఆఫీసరు దగ్గరికి వెళ్లి, ఇక డంపర్ ఎక్కనని చెప్పాడు. తోటివాళ్లు ఇంటికొచ్చారు. "ఒక వేలుతోని తిరుగుతది గదనే అన్నా, ఇంకొన్ని రోజులు నడ్పు. ఎవలకు ఎరుక?" అన్నారు. వాళ్లది చెడు ఉద్దేశం కాదు. డంపర్ ఎక్కని డ్రైవరు ఏమైపోతాడో వాళ్లకు తెలుసు.

"నాకు ఎరుక గద" అన్నాడు బావ. "బండి ఆగుతదని నమ్మి కింద మనుషులు నిలవడ్తరు. వాళ్లకు గా ఒక వేలు సంగతి చెప్పి నిలవెడ్దామా?"

ఆయనకు గని పైన గదిలో కూర్చునే పని ఇచ్చారు. డంపర్లు పోతూ వస్తూ ఉంటే కిటికీలోంచి చూస్తూ ట్రిప్పులు రాయడం. కొన్ని నెలలకు పెన్ను కూడా నిలవలేదు.

మాట ముద్దగా మారుతున్న రోజుల్లో ఒకసారి నన్ను పిలిచి, "పళ్లెం పెట్టు. ఒక్కసారి తిరిగొస్త" అన్నాడు. నేను వద్దన్నాను, గట్టిగానే అన్నాను. అక్క వంటింట్లోంచి వచ్చింది. సవతి అంటూ ఆ కారును ఇన్నేళ్లు తిట్టిన మనిషి. "పెట్టురా. నేను పోత పక్కన" అన్నది.

కుడిచేయి జారిపోకుండా స్టీరింగ్‌కు ఒక తోలు పట్టీ కుట్టాను, చేయి అందులో దూర్చి ఉంచేలా. దుకాణంలో నేను ఎన్నో కుట్లు వేశాను, అంత మెల్లగా ఏదీ వేయలేదు. సీటు బాగా ముందుకు జరిపి, వీపు వెనక ఒక దిండు పెట్టాం. చేతులు చాపే శక్తి లేదు కాబట్టి స్టీరింగ్ ఆయన ఛాతీ దగ్గరికి రావాలి. మణికట్టు తెచ్చి స్టీరింగ్ పైన ఆనించుకుని చూసుకున్నాడు. అంత స్థితిలోనూ ఆ కొలత మానలేదు.

కారును వ్యాన్‌లో బీడుకు తీసుకెళ్లి డబ్బాలు పెట్టాం. మమ్మల్నందరినీ ట్రాక్‌కు దూరంగా గట్టు మీదికి పొమ్మన్నాడు, పోయేదాకా కారు కదపలేదు. కాళ్లు అప్పటికి బాగానే ఉన్నాయి, బ్రేకూ క్లచ్చూ ఆయన చూసుకుంటాడు. ఎడమచేయి గేరు వేయలేదు. ఆ పని అక్కది. పొద్దంతా క్వార్టర్ ముందు కూర్చోబెట్టి నేర్పించాడు. ఆయన "రెండు" అంటే ఆమె రెండో గేరు వేయాలి, "మూడు" అంటే మూడోది. కారు కదిలింది. కిటికీలు తీసి ఉన్నాయి. ముద్దముద్దగా "రెండు" వినపడింది, తర్వాత గేరు పడిన చప్పుడు, తర్వాత అక్క గొంతు, "పడ్డదా?" అని. నడక కంటే కొంచెం ఎక్కువ వేగం అంతే. ఎప్పుడూ దుమ్ము లేపే కారు దుమ్ము లేపకుండా తిరుగుతుంటే గట్టు మీద ఎవరమూ ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు. చివరి మలుపు దగ్గర ఒక డబ్బా పడింది.

కారు వచ్చి ఆగింది. ఫోన్ పట్టుకున్న స్నేహితుడు "మంచిగొచ్చిందే అన్నా" అంటూ ఏదో టైము చెప్పాడు. బావ కిటికీలోంచి వెనక్కి చూసి, "డబ్బా పడ్డది. కలుపు" అన్నాడు. కలిపేదాకా దిగలేదు.

ఆ తర్వాత చెప్పడానికి పెద్దగా మంచి ఏమీ లేదు. మంచాన పడ్డాడు. ఆయన చూసుకుంటాడు కదా అని నేను పాత మూతను తుడిచి ఎదురు గోడకు మేకు కొట్టి తగిలించాను. అప్పటికి మాట పూర్తిగా పోయింది, కళ్లు మాత్రమే మిగిలాయి. ఆ కళ్లు గోడ వైపు ఒకసారి చూసి మూసుకున్నాయి. అక్కకు అర్థమైంది. "తీసెయ్‌రా" అన్నది. తీసి బీరువా మీద పెట్టాను. మేకు గోడకు అలాగే ఉంది. చివరి వారాలు దవాఖానలో, గొట్టంతో ఊపిరి. అక్క రోజూ ఆయన వేళ్లు ఒక్కొక్కటి విప్పి, తడిగుడ్డతో తుడిచి, మళ్లీ మడిచేది. ఎన్నేళ్లు కడిగినా పోని బొగ్గు నలుపు గోళ్ల అంచుల్లో అప్పటికీ ఉంది. దాంతోనే పెట్టెలో పడుకోబెట్టాం.

మూడో రోజు ఆదరణ కూడికకు క్వార్టర్ ముందు టెంట్ వేయాలి. టెంట్ వాళ్లు వచ్చి, కారు అడ్డం ఉంది, తీయండి అన్నారు. తాళంచెవి అక్క దగ్గర ఉంది. ఇస్తూ, "సీటు జరుపకు" అన్నది.

నేను తలుపు తీసి చూశాను. సీటు ముందుకు వచ్చి ఉంది, దిండు ఉంది, పళ్లెం దాదాపు దిండును ఆనుకుని ఉంది. నాలాంటి మనిషి పట్టే జాగా కాదు. పొట్ట బిగబట్టి, ఒంగి, ఎలాగో దూరాను. రెండు మోకాళ్లూ స్టీరింగ్‌కు తగిలాయి. పెద్ద స్టీరింగ్ పెడితే తగులుతుందని ఆ రోజు మూతా పళ్లెం పట్టుకుని ఆయన చెప్పిన మాటే. ఇంత దగ్గరగా, ఇంత ఇరుకులో కూర్చుని ఆ మనిషి ఒక చుట్టు తిరిగొచ్చాడా అనుకున్నాను. కారు స్టార్ట్ చేసి మెల్లగా పోనిచ్చాను. మలుపు దగ్గర నా చేయి దానంతటది పట్టీలోకి పోయింది. నేను వేసిన కుట్టే, గట్టిగా ఉంది. అప్పుడు ఏడ్చాను. మూడు రోజులుగా రానిది క్వార్టర్ల వరుస చివర, వేపచెట్టు కింద, మోకాళ్ల మధ్య స్టీరింగ్ పెట్టుకుని వచ్చింది.

దిగేసరికి అక్క నా వెనకే నడిచి వచ్చి నిలబడి ఉంది. తెల్లచీర, చేతిలో ఏమీ లేదు.

"జరుపలేదు గద?"

"లేదక్కా."

ఆమె కారు చుట్టూ తిరిగి ఎడమవైపు తలుపు తీసుకుని కూర్చుంది. తలుపు వేసుకుంది. నేను పిలవలేదు, దగ్గరికీ పోలేదు. అవతల టెంట్ గుంజలు పాతుతున్నారు, అద్దాల మీద బొగ్గు దుమ్ము ఉంది కాబట్టి లోపల ఆమె సరిగ్గా కనిపించడం లేదు. ఇంజను ఆపే ఉంది, తాళంచెవి నా చేతిలోనే ఉంది. కాసేపటికి లోపలి నుంచి గేరు పడిన చప్పుడు వినిపించింది.